డబ్బాల మీద లేని మాటలు

ఎర్ర నది పొంగి ఊళ్ళోకి వచ్చిన ఏడాది కాదు, దాని మరుసటి ఏడాది జరిగింది ఇది. పొలాల్లో చక్కెర దుంపలు తవ్వుతున్న రోజులు.

నది బడిని కూడా వదల్లేదు. కొత్త బడి సగమే లేచింది. పెద్ద తరగతులు అందులోకి మారాయి. చిన్న తరగతులు మైదానంలో వేసిన రేకుల గదుల్లోనే ఉండిపోయాయి. యుసేబియో త్రెవీన్యోకి ఇందులో ఏదో ఉందనిపించింది.

"మన పిల్లని రేకుల్లో ఎందుకు ఉంచారు?" అని కూతుర్ని అడిగాడు.

"మన పిల్లనొక్కదాన్నే కాదు నాన్నా. చిన్న తరగతులన్నీ అక్కడే ఉన్నాయి."

"అలాగే చెబుతారు."

గ్రాసియేలా పనికి వెళ్ళే హడావిడిలో బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. "నది పొంగినప్పుడు కూడా కావాలనే మన వీధి మీదికి వదిలారన్నావు."

"కాదని ఎవరైనా తేల్చారా?"

ఆమె తల అడ్డంగా ఊపి, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. దుంపలు రావడం మొదలైతే చక్కెర ఫ్యాక్టరీకి పగలూ రాత్రీ తేడా ఉండదు. ఆమెది మధ్యాహ్నం ఎక్కి అర్ధరాత్రి దిగే పని. బడి బస్సు దిగింది మొదలు పడుకునేదాకా ఏడేళ్ళ నోయెలియా తాత చేతిలోనే ఉంటుంది.

యుసేబియో దక్షిణ టెక్సాస్‌లో పుట్టినవాడు. ఏటా వేసవికి ట్రక్కులెక్కి ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గరున్న ఈ దుంపల పొలాలకి వచ్చిపోయే కుటుంబం వాళ్ళది. ఓ ఏడాది ట్రక్కు వెనక్కి వెళ్ళిపోయింది, వీళ్ళు ఇక్కడే నిలిచిపోయారు. పొట్టి పిడి పార పట్టుకుని, నడుం వంచి, ఒత్తుగా మొలిచిన దుంప మొక్కల్ని పలచన చేస్తూ బతుకు గడిచింది. మూడు తరగతులు చదివాడు. తన పేరు రాయగలడు. దుకాణంలో డబ్బా మీది మాట చూసి లోపల ఏముందో చెప్పగలడు. అంతకుమించి ఇంగ్లీషు చదవడం రాదు, మాట్లాడటమూ అంతంతే.

ఆ సాయంత్రం నోయెలియా సంచీలోంచి ఓ కాగితం తీసి ఫ్రిజ్‌కి అంటించింది. కాగితం నిండా పెన్సిలు రాత. పైన, బాగా రాసినందుకు టీచరు అంటించిన బంగారు రంగు చుక్క.

"ఏంటది?"

"నా కథ తాతా. చదవనా?"

చదివింది. నది వచ్చినప్పుడు ఓ కుక్క ఫ్రిజ్ మీదెక్కి కూర్చుంటుంది. ఫ్రిజ్ తేలుతూ ఉత్తరానికి పోతుంది, కుక్క లోపలి పాలు తాగుతుంది. పడవలో పోలీసులు కనబడితే కుక్క మొరుగుతుంది. చివరికి కెనడా చేరుతుంది. అక్కడి వాళ్ళు కాగితాలు చూపించమంటే, తడిసిపోయాయని చెబుతుంది.

యుసేబియో మీసం కింద నవ్వు దాచుకున్నాడు. గ్లాసులో పాలు పోస్తూ కాగితం వంక చూశాడు. చెయ్యి ఆగింది.

పాలడబ్బాని కాగితం పక్కకి తెచ్చాడు. డబ్బా మీద పాలు అన్న మాటకి ఇంగ్లీషులో నాలుగు అక్షరాలున్నాయి. పిల్ల రాసినదానికి మూడే.

"ఇది తప్పు."

"పర్లేదంది టీచర్."

"పర్లేదా?"

"నీకెలా వినబడితే అలా రాసెయ్, ఆగొద్దు అంది."

"నీకొక్కదానికే చెప్పిందా, అందరికీనా?"

"ఏమో."

"ఆ పక్క బల్ల తెల్లవాళ్ళ పిల్లాడు, ఆ తెల్లజుట్టు వాడు. వాడిక్కూడానా?"

"క్నూట్ ఎప్పుడూ ముక్కులో వేలు పెట్టుకుంటాడు. వాడికేం చెప్పిందో నేను వినలేదు."

యుసేబియో మళ్ళీ ఆ చుక్కని చూశాడు. తప్పు రాసిన కాగితం మీద బంగారు చుక్క.

టెక్సాస్‌లో అతను చదివింది మెక్సికన్ పిల్లల కోసం విడిగా పెట్టిన బడి. టీచరు మంచిదే. ఎప్పుడూ కసరలేదు. ఎవరేం రాసినా బాగుంది, చాలా బాగుంది అని తల నిమిరేది. మూడో తరగతి అవగానే పొలానికి పోయాడు. తనకి రాయడం వచ్చుననే నమ్మకంతో పెరిగాడు. పెళ్ళికి ముందు ఓసారి పనికోసం ఓ ఆఫీసుకి వెళ్తే, పేరూ ఊరూ రాసిమ్మన్నారు. ఊరి పేరు రాసి ఇచ్చాడు. గుమాస్తా అది పక్కవాడికి చూపించాడు. ఇద్దరూ తల వంచుకుని నవ్వారు. ఆ టీచరు కొట్టినా బాగుండేది, దిద్ది ఉంటే చాలని అప్పుడు అనుకున్నాడు. ఎందుకు దిద్దలేదన్నదానికి అతనికి తోచిన జవాబు ఒకటే. దుంపలు తవ్వేవాడికి ఎందుకులే అనుకుని ఉంటుంది.

ఇప్పుడు తన మనవరాలి కాగితం మీద అదే మెప్పు, చుక్కగా.

మర్నాటినుంచి వంటింటి బల్ల మీద బడి మొదలైంది. పాత క్యాలెండరు కాగితాలు తిరగేసి, వడ్రంగి పెన్సిలుతో గీతలు గీశాడు. అలమారలోంచి డబ్బాలూ పొట్లాలూ దించి వరసగా నిలబెట్టాడు. ఉప్పు, చక్కెర, మొక్కజొన్న, పాలు, పిండి. ఒక్కో మాట గీత పొడుగునా రాయాలి.

"తప్పు రాస్తే?"

యుసేబియో రబ్బరు చూపించాడు.

పిల్ల కథలోంచి ఏదో మాట రాయబోతే ఒప్పుకోలేదు. ఇంట్లో అచ్చయి ఉన్న మాటే రాయాలన్నాడు. దానికో కారణం ఉంది, అది పిల్లకి చెప్పలేదు. అచ్చులో ఉంటేనే పక్కన పెట్టి సరిచూడగలడు. లేనిదాన్ని తప్పో ఒప్పో చెప్పడం అతని వల్ల కాదు.

"అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించకు. మొక్కలకైనా ఎడం కావాలి. లేకపోతే దుంప ఊరదు."

"అక్షరాలకి దుంపలు ఊరతాయా తాతా?"

"రాయి."

"నువ్వు టీచరైతే అందరూ బడి మానేస్తారు."

"నేను మానేసింది చాలు. రాయి."

పిల్ల నాలుక బయటపెట్టి రాసేది. యుసేబియో భుజం మీదుగా చూసేవాడు. తేడా కనబడ్డ చోటల్లా రబ్బరు దిగేది. కాగితం అరిగి కన్నాలు పడేది. మొదట్లో నోయెలియా గునిసింది. తర్వాత అదీ మానేసింది. దుంపల కుప్పలు కొండల్లా పెరిగి, పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకునే నాటికి ఆ పిల్ల చేతిరాత అచ్చులా తయారైంది. గీత మీద నిటారుగా, ఎడం ఎడంగా, ఒక్క తప్పు లేకుండా.

బడినుంచి వచ్చే కాగితాలన్నీ యుసేబియో చూస్తూనే ఉన్నాడు. వాటిలోనూ తప్పుల్లేవు. కానీ చుక్కలు కూడా లేవు.

"చుక్క ఇవ్వలేదా?"

"లేదు."

"పోయిన వారం?"

"లేదు తాతా."

ఆదివారం భోజనాల దగ్గర కూతురితో అన్నాడు. "తప్పులు రాస్తే చుక్కిచ్చింది. ఒప్పులు రాస్తే ఇవ్వట్లేదు. మనవాళ్ళు నేర్చుకోవడం ఆవిడకి ఇష్టం లేదు."

"నాన్నా, చుక్కలు అయిపోయాయేమో. దుకాణంలో కొనాలి వాటిని."

"తెల్లజుట్టు వాళ్ళకి అయిపోవు."

"నీతో నేను గెలవలేను. బీన్స్ ఇటు జరుపు."

ఆ వచ్చిన శుక్రవారం నోయెలియా బస్సు దిగి ఒగరుస్తూ వచ్చింది. చేతిలో బరువైన ప్లాస్టిక్ సంచి. బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ తీసింది. బఠానీల డబ్బా, వేరుశనగ ముద్ద సీసా, బియ్యం, చేపల డబ్బా.

"ఎవరిచ్చారివి?"

"టీచర్. నాకొక్కదానికే. ఎవరికీ చూపించకుండా తీసుకెళ్ళమంది." పిల్ల చేపల డబ్బాని తిప్పి తిప్పి చూస్తోంది. కళ్ళు మెరుస్తున్నాయి. "దీని మీద కొత్త మాటలున్నాయి తాతా."

యుసేబియో డబ్బా లాక్కోలేదు. మెల్లగా వేళ్ళు విడదీసి తీసుకున్నాడు. అన్నిటినీ తిరిగి సంచిలో పెట్టి, ముడేసి, తలుపు పక్కన నేల మీద ఉంచాడు. ఆ రోజు రాత పని లేదు. కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ ఉండిపోయాడు. వరదప్పుడు ఇలాంటి సంచులే పంచారు. అప్పుడు అందరూ తీసుకున్నారు, సిగ్గు లేదు. ఇప్పుడు తన పిల్లకొక్కదానికే, అదీ చాటుగా. చదువు వద్దులే, తిండి తీసుకుపో అన్నట్టుంది.

సోమవారం సంచి పట్టుకుని బడికి పోదామనుకున్నాడు. ఆ అవసరం లేకపోయింది. నోయెలియా బస్సు వచ్చిన కాసేపటికే ఇంటి ముందు చిన్న కారు ఆగింది. పొడుగాటి కోటు, ఉన్ని టోపీ, చలికి ఎర్రబడ్డ ముక్కు. నోయెలియా టీచరు, మిస్ టోర్గెర్సన్. మనిషి అతననుకున్నదానికన్నా చాలా చిన్నది. గ్రాసియేలా కంటే కూడా చిన్నదేమో.

"మిస్టర్ త్రెవీన్యో, అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

పొలాల్లో నేర్చిన ఇంగ్లీషు అతనిది. ఉన్నంతలో పొదుపుగా వాడతాడు. తలుపు పూర్తిగా తెరిచాడు. అదే జవాబు.

ఆమె కూర్చోలేదు. కోటు గుండీ తిప్పుతూ అంది. "మీరు ఏమీ అనుకోనంటే... ఇంట్లో ఇబ్బంది ఏమైనా ఉందా? తిండికి గానీ..."

యుసేబియో వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు. అలమారా తలుపులు రెండూ తెరిచాడు. పొయ్యి మీది కుండ మూత తీశాడు. పందిమాంసం, ఎర్ర మిరపకాయల వాసన గదంతా కమ్ముకుంది. వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు మీరు చెప్పండి. సంచి ఎందుకు పంపారు?"

టీచరు మొహం ముక్కుకంటే ఎర్రగా అయింది. తన చేతిసంచీలోంచి ఓ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "మీకు నచ్చిందేదైనా రాయండని అడిగాను. ఇది రాసింది. పోయిన వారం కూడా ఇదే. అంతకుముందు వారం కూడా. ఈ కాగితాలు ఇంటికి పంపలేదు, నా దగ్గరే ఉంచాను."

యుసేబియో వంగి చూశాడు. ఈ కాగితం అతను చదవగలడు. పాలు. ఉప్పు. మొక్కజొన్న. చక్కెర. పిండి. చల్లని చోట ఉంచవలెను.

"ఒక్క తప్పు లేదు," అన్నాడు.

"లేదు. కథ కూడా లేదు. చుక్క ఇచ్చేది కథకి." ఆమె గొంతు తగ్గించింది. "ఏడేళ్ళ పిల్ల వారాల తరబడి తిండి పేర్లే రాస్తుంటే నేనేమనుకోవాలి?"

గుమ్మం దగ్గర నోయెలియా నిలబడి ఉంది. యుసేబియో ఆమె వైపు తిరిగాడు. సొంత భాషలో అడిగాడు.

"ఆ కుక్క ఏమైంది?"

"ఏ కుక్క?"

"కెనడా పోయిన కుక్క."

"అది అయిపోయిందిగా. ఇంకోటి మొదలుపెట్టా గానీ ఆపేశా."

"ఏం?"

పిల్ల ఓ కాలి మీద నిలబడి రెండో కాలితో పిక్క గోక్కుంది. "కుక్క రాయడం వచ్చు నాకు. మొరిగింది రాదు. అది ఏ డబ్బా మీదా లేదు."

యుసేబియో కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నాడు. టీచరుకి ఆ మాటలు అర్థం కాలేదు. ఏమందని అడిగింది. అతను ఇంగ్లీషులో చెప్పాడు. డబ్బాల వరసా, క్యాలెండరు కాగితాలూ, రబ్బరూ, అన్నీ చెప్పాడు. ఏడాది మొత్తానికి సరిపడే ఇంగ్లీషు అక్కడే ఖర్చయిపోయింది. చివర్లో అడగాలనుకున్నది అడిగాడు.

"మీరు దిద్దరు. ఎందుకని? మా పిల్లల్నే దిద్దరా, ఎవర్నీ దిద్దరా?"

టీచరు కోటు గుండీలు పెట్టుకుంది. బయటికి వెళ్ళి కారులోంచి ఓ కాగితాల కట్ట తెచ్చింది. "ఈ వారం తరగతి మొత్తం రాసినవి. పేర్లు చూపించకూడదు." పై అంచు మడతపెట్టి పట్టుకుంది.

"మీరు ఎంచినవి చూపిస్తారేమో."

"అయితే మీరే లాగండి."

ఫ్యాక్టరీలో బండి మీద పైన కనిపించే దుంపలు చూసి సరుకు తీసుకోరు. మధ్యలోంచి లాగి చూస్తారు. యుసేబియో కూడా మధ్యలోంచి లాగాడు. ఇంకోటి లాగాడు. అడుగునుంచి ఒకటి. తనకి తెలిసిన మాటల కోసం వేలుపెట్టి వెతికాడు. ఒకడు ఉప్పు తప్పు రాశాడు. ఒకడు చక్కెరలో సగం మింగేశాడు. ఆ రెంటి మీదా బంగారు చుక్కలే. ఓ కాగితం మీద ముక్కుచీమిడి మరకలాంటిది కనబడింది. అది ఎవరిదో అడగలేదు.

"రాయడం ఆగకూడదని," అంది టీచరు. "ఈ వయసులో ప్రతి మాటా దిద్దితే వచ్చిన మాటలే రాస్తారు. భయపడి మిగతావి వదిలేస్తారు. దిద్దడం మూడో తరగతిలో మొదలవుతుంది."

యుసేబియో కాగితాలు సర్ది ఆమెకిచ్చాడు.

"నేను మూడుతోనే మానేశాను. నన్ను దిద్దేవాళ్ళు నాలుగులో ఉన్నారేమో."

ఆమె గుమ్మం దగ్గరి పిల్ల వంక చూసింది. "నోయెలియా ఆగదు కదా," అంది.

"అది మీరు చెప్పలేరు. నేనూ చెప్పలేను."

టీచరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు ఇద్దరికీ నడుమ బేరం కుదిరింది. వారం వారం కొన్ని మాటలు ఆమే పెద్ద అక్షరాలతో రాసి పంపుతుంది. వాటిని అతను ఎంత కావాలంటే అంత దిద్దుకోవచ్చు. చేతిరాత కూడా అతని ఇష్టమే. కథ జోలికి మాత్రం వెళ్ళకూడదు.

"కథలో తప్పులుంటే?"

"ఉంటాయి."

యుసేబియో పొయ్యి దగ్గరికి నడిచాడు. గిన్నెలో కూర వడ్డించి ఆమె ముందు పెట్టాడు. రొట్టెలు గుడ్డలో చుట్టి పక్కన ఉంచాడు. ఆమె మొహమాటపడి, తర్వాత మొహమాటం మర్చిపోయి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తినేసింది. నోయెలియా నీళ్ళు తెచ్చి ఇచ్చి, "మా తాత కారం తక్కువే వేస్తాడు," అని చెప్పింది.

వెళ్ళబోతూ టీచరు గుమ్మంలో ఆగింది. "ఇంకా నమ్మకం కుదరకపోతే ఎప్పుడైనా వచ్చి తరగతిలో కూర్చోండి."

మర్యాదకి అలా అంటారు. అతను తల ఊపాడు. డబ్బాల సంచి మోసుకెళ్ళి ఆమె కారు వెనక సీట్లో పెట్టాడు. దాని మీద రొట్టెల మూట కూడా పెట్టాడు.

ఆ సాయంత్రం బల్ల మీద డబ్బాల్లేవు. నోయెలియా పెన్సిలు పట్టుకుని కాసేపు రాసింది, ఆగింది.

"తాతా, మొరిగింది ఎలా రాస్తారు?"

"నాకు తెలీదు."

పిల్ల తలెత్తి అతని మొహం చూసింది. ఇంతకుముందు ఆ మాట అతని నోట వినలేదు.

"నిజంగానా?"

"నిజంగానే."

"మరెలా?"

"ఎలా వినబడితే అలా రాయి."

రాసింది. రాసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, రబ్బరు వస్తుందేమోనని ఓరకంట చూసింది. యుసేబియో రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ పిల్ల రాస్తున్నంతసేపూ తియ్యలేదు. అంత కష్టమైన పని దుంపల పొలంలో కూడా చేసినట్టు గుర్తులేదు. ఈసారి కుక్క పోలీసుల పడవనే నడుపుతోందట.

గ్రాసియేలా వచ్చి నిద్రపోయి, ఇంకా లేవకముందే తెల్లవారింది. యుసేబియో చావులకీ పెళ్ళిళ్ళకీ తొడిగే తెల్ల చొక్కా వేసుకున్నాడు. నోయెలియాని బస్సెక్కించాడు. ట్రక్కు తీసి బస్సు వెనకే బడిదాకా వెళ్ళాడు. రేకుల గది తలుపు తోసి, టోపీ చేత్తో పట్టుకుని లోపల నిలబడ్డాడు.

మిస్ టోర్గెర్సన్ సుద్ద కింద పడేసుకుంది. "మిస్టర్ త్రెవీన్యో. ఇవాళే వస్తారనుకోలేదు."

"ఎప్పుడైనా అన్నారు."

ఆమె గది చివరి గోడ దగ్గరున్న కుర్చీ చూపించింది. ఏడేళ్ళ పిల్లల కుర్చీ అది. అందులో కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. నోయెలియా, తాత తనకేమీ కానట్టు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. టీచరు ఎవర్ని పేరు పెట్టి పిలుస్తోంది, ఎవరి బల్ల దగ్గర ఎంతసేపు నిలబడుతోంది, నల్లజుట్టు వాళ్ళని దాటి పోతోందా, అన్నీ చూశాడు. కాగితాలు పంచడం అయింది. గదిలో పెన్సిళ్ళ చప్పుడు మొదలైంది.

అతని ముందున్న బల్ల దగ్గరి తెల్లజుట్టు కుర్రాడు వెనక్కి తిరిగాడు. ముక్కులోంచి వేలు తీశాడు.

"మీరు కొత్త టీచరా?"

"కాదు."

"ఐతే సరే. పిడుగు ఎలా రాస్తారు?"

"ఆవిణ్ణి అడుగు."

కుర్రాడు చెయ్యెత్తాడు. టీచరు అటు నడిచింది. ఆమె వాడికేం చెబుతుందో విందామని యుసేబియో ఆ చిన్న కుర్చీలో ముందుకు వంగాడు.